సింథటిక్ బయాలజీపై పిల్లల అభిప్రాయాలు ఎలా అడగాలి?

నమస్కారం అండి. వరంగల్ జిల్లాలో హైస్కూల్లో బయాలజీ చెబుతాను. సింథటిక్ బయాలజీ అంటే జీవుల జన్యువులను మనకు కావలసినట్టు మార్చడం, కొత్తగా తయారుచేయడం. 2010లో అమెరికా శాస్త్రవేత్త క్రెయిగ్ వెంటర్ బృందం ఒక బ్యాక్టీరియా జన్యుపదార్థం మొత్తాన్నీ ల్యాబ్‌లో తయారుచేసి, వేరే బ్యాక్టీరియా కణంలో పెట్టి పనిచేయించిన సంగతి పదో తరగతికి చెప్పాను. అక్కడ మొదలైంది చర్చ.

బ్యాక్టీరియాతో ఇన్సులిన్ చేయించడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. ఈస్ట్‌తో మలేరియా మందుకు ముడిసరుకు చేయించడమూ సరేనన్నారు. జన్యుమార్పిడి వంకాయ అనేసరికి మాత్రం "వద్దు సార్, తినేది కదా" అన్నారు. వీళ్లలో చాలామంది ఇళ్లలో వేసేది బీటీ పత్తే, అదీ జన్యుమార్పిడి పంటే! వెనక బెంచీ అమ్మాయి లేచి, "మనం తయారుచేసిన జీవి ఎవరిది సార్? పత్తి విత్తనంలా దాన్నీ ఏటా కొనుక్కోవాలా?" అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు.

ఇప్పుడు ఒక చిన్న ప్రశ్నావళి ఇద్దామనుకుంటున్నాను. మందు, తిండి, పర్యావరణం విడివిడిగా అడగాలని ఉంది. పేర్లు రాయొద్దంటాను. అయినా సార్‌కి నచ్చే జవాబే రాస్తారేమోనని టెన్షన్. "దేవుడి పనిలో వేలు పెట్టడమే" అన్న పిల్లలు కూడా చిన్నబుచ్చుకోకూడదు.

ఎటూ మొగ్గకుండా ప్రశ్నలు ఎలా రాయాలి? చర్చకు ముందు, తర్వాత రెండుసార్లు అడిగితే ఉపయోగముంటుందా? ఈ వయసు పిల్లలకు అర్థమయ్యే తెలుగు వ్యాసాలు, వీడియోలు ఏమైనా ఉన్నాయా? క్లాసులో ఇలాంటిది చేసినవాళ్లుంటే మీ ప్రశ్నలు పంపగలరా?