గెలిచిన మూడు నెలలకే అయ్యంగారు గవర్నరుగా పోవడం సబబేనా?

తిరుచానూరోడు: పంచమి తీర్థం రోజు క్యూలో ముందున్న పిల్లోణ్ణి ఊరికే అడిగినా, "మాడభూషి అనంతశయనం అయ్యంగారంటే ఎవురు నాయనా?" అని. "ఏ వీధిలో ఉంటారన్నా?" అన్నాడు. వాడి తప్పేముంది లెండి. 1891లో ఈ ఊళ్ళోనే పుట్టి, లెక్కల అయ్యవారుగా మొదలుపెట్టి, ప్లీడరై, జైలుకు పోయొచ్చి, 1956లో మొదటి స్పీకరు మావలంకర్ చనిపోయినాక లోక్‌సభ స్పీకరైన మనిషి. 1962లో చిత్తూరు నుంచి మళ్ళీ గెలిచినారు. మేలో బీహార్ గవర్నరుగా పాట్నాకు పోయినారు. ఓట్లేసినోళ్ళను అట్లా వదిలేసి పోవచ్చునా? నా మటుకు నాకు తప్పే అనిపిస్తాది.

కట్టమంచి: తప్పే. ఓటేస్తే వేలికి సిరా పూస్తారు కదా. మా తాతకు అదే ఏడాది రెండుసార్లు పూసినారు, ఉప ఎన్నిక వచ్చె కదా! అందులో గెలిచిందెవురు? తెనాలిలో ఓడిపోయొచ్చిన "స్వతంత్ర" అనే పార్టీ ఎన్.జి. రంగాగారు. గుంటూరు జిల్లా ఆయన్ను తెచ్చి చిత్తూరోళ్ళు గెలిపించినారంటే, కాంగ్రెస్ మీద కోపం లేకుండానా?

కోర్టు గుమాస్తా: కోపమో, రంగాగారి మీద అభిమానమో, ఇప్పుడెట్లా తేలుస్తావబ్బా? ఇంకో సంగతి చూడు. ఏప్రిల్లో కొత్త సభ హుకుం సింగ్‌ను స్పీకరుగా ఎన్నుకుంది. అయ్యంగారికి అప్పటికి 71 ఏళ్ళు. ఆరేళ్ళు అందర్నీ "కూర్చోండి, కూర్చోండి" అన్న మనిషి, పోయి వాళ్ళ మధ్య బెంచీలో కూర్చోవాల్నా? గవర్నరైతే ఎంపీగా ఉండకూడదని రాజ్యాంగమే చెప్తాది, అందుకే సీటు పోయింది. అందులో దొంగతనమేమీ లేదు.

కట్టమంచి: దొంగతనమని నేనన్లేదన్నా. గవర్నరు పదవి ఇచ్చేది ఢిల్లీ సర్కారు. రేపు అది దొరుకుతాదని ఆశుంటే, స్పీకరు సర్కారుకు ఎదురు చెప్తాడా? హుకుం సింగ్ కూడా 1967లో రాజస్థాన్ గవర్నరుగానే పోయినాడు. వరసగా ఇద్దరు!

కోర్టు గుమాస్తా: ఆ అనుమానం న్యాయమే, కానీ ఈయనకు అతకదు. ముంధ్రా అనే వ్యాపారి కంపెనీల్లో ఎల్‌ఐసీ సొమ్ము పెట్టిన వ్యవహారం ఫిరోజ్ గాంధీ సభలో లేవనెత్తింది 1957 డిసెంబర్లో. కుర్చీలో ఉండేది అయ్యంగారే. దాని మీద అంత రచ్చ జరిగి, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టీటీ కృష్ణమాచారి రాజీనామా చేసినాడు. సర్కారును కాపాడాలనుకునే స్పీకరైతే ఆ చర్చ అంత దూరం రానిస్తాడా?

రాంలాల్ బాధితుడు: నా పేరు చూసి నవ్వుకోండి. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను దింపిన గవర్నర్ రాంలాల్‌ను చూసినోణ్ణి, నాకు ఆ పదవంటేనే ఒళ్ళుమంట. అయినా ఒక మాట ఒప్పుకోవాల. 1967లో బీహార్లో కాంగ్రెస్ ఓడింది. రాజ్‌భవన్లో కాంగ్రెస్ మనిషి. అయినా మార్చిలో మహామాయా ప్రసాద్ సిన్హా ముఖ్యమంత్రయినాడు, స్వాతంత్ర్యం వచ్చినాక బీహార్లో మొదటి కాంగ్రెసేతర ప్రభుత్వం. ఒక పక్క కరువు, జనం అన్నానికి అల్లాడతా ఉన్నారు. అయ్యంగారు డిసెంబర్లో దిగిపోయినారు. ముఖ్యమంత్రి వద్దన్నా వినకుండా నిత్యానంద్ కనుంగోను గవర్నరుగా పంపింది ఢిల్లీ. మరుసటి నెల్లోనే సిన్హా ప్రభుత్వం సభలో ఓడింది.

తిరుచానూరోడు: ఇది చదివినాక నా మాట కొంచెం మార్చుకుంటా. గవర్నరుగా ఆయన్ను తప్పు పట్టను. కానీ మొదట రాసిన రాజ్యాంగ ముసాయిదాలో గవర్నర్ని జనమే ఎన్నుకోవాలని ఉండె. 1949లో దాన్ని మార్చి నియామకం చేసినారు. ఆ రాజ్యాంగ సభలో అయ్యంగారూ సభ్యుడే. జనం ఓటుతో గెలిచి, జనం ఓటు అక్కర్లేని కుర్చీకి పోయినారు, అదే నాకు మింగుడు పడంది. తిరుపతిలో సంస్కృత విద్యాపీఠానికి ఆయన చేసింది మాత్రం ఎవురూ కాదనలేరు.

కట్టమంచీ, మీ తాత రెండోసారి ఎవురికి ఏసినాడు?

కట్టమంచి: ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదన్నా. అవ్వనడిగితే, "సిరా పోలేదని వారం రోజులు చింతపండుతో రుద్దినాడు, అదొక్కటే నాకు గుర్తు" అంది.