సైకాలజీ అసైన్‌మెంట్‌కి పీర్ రివ్యూడ్ పేపర్లు ఎక్కడ వెతకాలండి?

కోనసీమ ఫస్టియర్:
అమలాపురంలో డిగ్రీ అండి, సైకాలజీ ఈ ఏడే తీసుకున్నా. "చదివింది ఎందుకు మర్చిపోతాం" అని అసైన్‌మెంట్ ఇచ్చారు మేడమ్ గారు, పీర్ రివ్యూడ్ పేపర్లు (అచ్చేసే ముందు ఆ సబ్జెక్టు తెలిసినోళ్ళు తనిఖీ చేసినవి) నాలుగుండాలంట, వికీపీడియా, బ్లాగులు పెడితే మార్కుల్లేవంట. లైబ్రరీలో గైడ్లు తప్ప ఏం లేవు, గూగుల్‌లో ఏది నొక్కినా డాలర్లు కట్టమంటోంది. ఎక్కడ మొదలెట్టాలో కాస్త చెప్పండే.

భీమారం ఎమ్మే:
ఆయ్, మామూలు గూగుల్ వదిలేసి గూగుల్ స్కాలర్‌కి రండి, పరిశోధన పేపర్లు వెతికేది అదే. అక్కడ ప్రశ్న మొత్తం కొడితే చెత్తంతా వస్తది, "ఫర్గెటింగ్ కర్వ్" (రోజులు గడిచేకొద్దీ ఎంత మర్చిపోతామో చూపే గీత) లాంటి సబ్జెక్టు మాటలే కొట్టాలి. ఆ మాటలు ఎలా తెలుస్తాయంటారా, ఓపెన్‌స్టాక్స్ వాళ్ళ సైకాలజీ పుస్తకం నెట్‌లో ఫ్రీ, మెమరీ చాప్టర్ ఒక్కటి చదవండి, పేర్లూ సంవత్సరాలూ అక్కడే దొరుకుతాయి. పుస్తకాన్ని మాత్రం నాలుగు పేపర్లలో లెక్కెయ్యకండి.

మీ టాపిక్‌కైతే ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ సైకాలజిస్టు నుంచి పట్టుకోండి. 1885లో ఆయన అర్థంలేని అక్షరాలు బట్టీ పట్టి, ఎంతసేపటికి ఎంత పోతోందో తన మీదే కొలుచుకున్నాడు. 2015లో ముర్రే, డ్రోస్ అని ఇద్దరు అదే మళ్ళీ చేసి ప్లాస్ వన్ అనే జర్నల్‌లో వేశారు, పైసా కట్టక్కర్లేదు. 20 నిమిషాల నుంచి 31 రోజుల దాకా గ్యాప్‌లు ఇచ్చి చూస్తే పాత కర్వ్‌కి దగ్గరగానే వచ్చింది, కాకపోతే అందులోనూ బట్టీ పట్టింది ఒక్కరే, దాదాపు 70 గంటలు. మరి ఒక్క మనిషిని చూసి అందరూ ఇంతే అనొచ్చా? దాని మీద ఒక పేరా రాయండి, నా లెక్కలో మార్కులన్నీ అక్కడే ఉన్నాయ్. తర్వాత రోడిగర్, కార్పికీ 2006 చూడండి, మళ్ళీ మళ్ళీ చదివినోళ్ళకంటే చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినోళ్ళకి వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. స్కాలర్‌లో ఆ పేపర్ కింద "సైటెడ్ బై" నొక్కితే దాన్ని తర్వాత ప్రస్తావించిన పేపర్లు చూపిస్తది, మిగతావి అవే వస్తాయి.

తణుకు లైబ్రేరియన్:
డబ్బులడిగితే కంగారు పడకండి, స్కాలర్‌లోనే "ఆల్ వెర్షన్స్" నొక్కితే ఒక్కోసారి రాసినాయన యూనివర్సిటీ సైట్లో పీడీఎఫ్ ఉంటది. ఇంకోటి, మీ కాలేజీ ఎన్‌-లిస్ట్‌లో మెంబరేమో లైబ్రరీ సార్‌ని అడగండి, కాలేజీలకి నెట్‌లో జర్నల్స్ ఇచ్చే పథకం అది, ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థది, లాగిన్ ఇస్తే ఇంటి దగ్గర్నుంచే జర్నల్స్ చదువుకోవచ్చు. చాలా కాలేజీల్లో లాగిన్లు అడిగే నాథుడు లేక అలా పడుంటాయి. గవర్నమెంట్ కాలేజీ అయితే 2025 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ (సర్కారే చందా కట్టి జర్నల్స్ చదవనిచ్చే పథకం) కూడా వచ్చింది, అదీ అడగండి. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి వెళ్దామనుకునేరు, పాత తెలుగు పుస్తకాలకి బంగారం గానీ దీనికి పనికిరాదు.

లంక బుల్లోడు:
శోధ్‌గంగలో బోలెడున్నాయ్ కదండి, అవి పెట్టేస్తే పోలా?

తణుకు లైబ్రేరియన్:
అవి పీహెచ్‌డీ వాళ్ళ థీసిస్‌లు బాబూ, జర్నల్ పేపర్లు కాదు. వెనకాల రిఫరెన్సులు ఏరుకోడానికి బాగుంటాయి, మనోళ్ళ మీద ఏ పని జరిగిందో కూడా తెలుస్తది. సైఆర్కైవ్ అని సైకాలజీ పేపర్లు పెట్టే సైటుంది, అందులోవీ అంతే, చాలావరకు రివ్యూకి ముందువి.

కోనసీమ ఫస్టియర్:
ముర్రే, డ్రోస్ దొరికిందండి! మెథడ్స్ (ప్రయోగం ఎలా చేశారో రాసే భాగం) దగ్గర బుర్ర తిరిగిపోయింది, తెలుగు మీడియం మరి.

భీమారం ఎమ్మే:
వరసగా చదవమని ఎవరన్నారు? ముందు అబ్‌స్ట్రాక్ట్ (మొదట్లో ఉండే సారాంశం), తర్వాత డిస్కషన్ (ఫలితాల అర్థం చెప్పే భాగం), ఆ తర్వాతే మెథడ్స్. ఏం అర్థమైందో తెలుగులో మీ మాటల్లో రాసి ఇక్కడ పెట్టండి, రాత్రికి చూస్తా.