అప్‌డేట్: కొలిమి మూలన పేరుకున్న తుక్కు ఉక్కు సంగతి

దేవరకొండ దగ్గర మా ఇంటి వెనుక కొలిమిలో పేరుకుపోయిన ఇనుప తుక్కును ఏం చేయవచ్చని రెండు నెలల క్రితం అడిగాను. ముందు ఏది ఏ రకం ఉక్కో వేరు చేసుకోమన్న సలహాతోనే పని మొదలుపెట్టాను.

గ్రైండర్‌కు ఆనించినప్పుడు స్లాబు పనిలో మిగిలిన సలాకల నుంచి పొడవైన నిప్పుగీతలు రాగా, లారీ కమాన్ పట్టీ (బరువు మోసే స్ప్రింగు పట్టీ) నుంచి కొసలు చీలి పువ్వుల్లా విచ్చుకునే రవ్వలు వచ్చాయి. కర్బనం ఎక్కువగా ఉండి పదును నిలిపేది అదేనని తెలిసింది. సలాకలను హుక్కులుగా, బర్రెలను కట్టే గుంజలుగా మలిచాను.

కమాన్ పట్టీతో చేసిన మొదటి కత్తిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచగానే టప్పుమని పగిలింది. చాలా బాధపడ్డాను. రెండవదాన్ని అయస్కాంతం అంటుకోని స్థితికి, అంటే సుమారు 770 డిగ్రీలకు, ఆపై మరికొంచెం కాల్చి, గోరువెచ్చని పల్లినూనెలో ముంచాను. ఆకురాయి దాని అంచు మీద పట్టు దొరకక జారిపోయింది, అంటే అంచు బాగా గట్టిపడిందన్నమాట. తరువాత అంచును తెల్లగా రుద్ది, ఎండుగడ్డి రంగు తేలేవరకు మెల్లగా మళ్లీ వేడిచేయడంతో పెళుసుదనం తగ్గింది. ఆ కత్తితోనే మా అమ్మ ఇప్పుడు కంచెకు కంప కొడుతున్నది.

జింకు పూత ఉన్న పైపులను మాత్రం కొలిమి దగ్గరికి రానివ్వలేదు. ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది, దయచేసి మీరూ కాల్చకండి. చిన్న ముక్కలు గొడ్డలి కామకు బిగింపు చీలలయ్యాయి. బేరింగు రింగులు ఇంకా ముట్టుకోలేదు.