ఆగ్మెంటెడ్ రియాలిటీలో పెరిగింది వాస్తవమా, చూపా?

ఒక ఫోన్ యాప్‌ని తెలుగు చేస్తున్నాను. గదిలో ఖాళీగా ఉన్న చోటు వైపు కెమెరా పెడితే, అక్కడ కుర్చీ వేస్తే ఎలా ఉంటుందో తెర మీద చూపించే రకం. మిగతా వాక్యాలన్నీ గబగబా అయిపోయాయి. మెనూలో మొదటి మాట దగ్గరే మూడు రోజులుగా కూర్చున్నాను. ఆగ్మెంటెడ్ రియాలిటీని తెలుగులో ఏమనాలి?

ఇప్పటిదాకా నా కంటపడినవి సంవర్ధిత వాస్తవికత, అనుబంధ వాస్తవికత, వృద్ధిపరచిన వాస్తవం. ‘సంవర్ధిత’ అని చదవగానే నాకు వర్ధంతి గుర్తొస్తోంది. ధాతువు ఒకటే, అర్థం పెరగడమే. కానీ తెలుగులో వర్ధంతి పోయినవాళ్లకే కదా. సరే, అది నా చాదస్తం అనుకుని వదిలేస్తాను.

అసలు చిక్కు ‘వాస్తవికత’తో. వాస్తవం అంటే మనకి నిజం, జరిగిన సంగతి. వాస్తవికత అంటే కథలోనో బొమ్మలోనో నిజంలా అనిపించే గుణం. ‘ఈ కథలో వాస్తవికత లేదు’ అంటాం. అంతేగానీ కళ్లెదురుగా ఉన్న గదిని, గోడని, నేలని కలిపి వాస్తవికత అని ఎవరం అనం. పైగా ఇక్కడ పెరిగిందేమిటి? గది గదిలాగే ఉంది. ఫోన్ పక్కన పెడితే కుర్చీ లేదు. పెరిగింది చూపు. మాటలో చూపు ఉండాలని నా పట్టు. మీరేమంటారు?

వ్యాఖ్య: ఆగ్మెంటెడ్ రియాలిటీని పొట్టిగా ఏఆర్ అని రాసెయ్యండి. ఫోన్, కెమెరా, యాప్ అన్నిటినీ రానిచ్చి దీనికొక్కదానికే మడి కట్టుకోవడం దేనికి?

వ్యాఖ్య: తయారుగా ఉన్న మాటని వదిలి కొత్తది వెతకడం ఎందుకండీ? వేదాంతులు ఎప్పుడో చెప్పారు, అధ్యారోపం అని. తాడు మీద పాముని చూడటం. దానికే ఇంకో పేరు అధ్యాస. శంకరులు బ్రహ్మసూత్ర భాష్యం మొదట్లోనే దాన్ని ‘స్మృతిరూపః పరత్ర పూర్వదృష్టావభాసః’ అన్నారు. ముందెప్పుడో చూసినది, జ్ఞాపకంలాగా, మరోచోట కనిపించడం. మీ ఫోన్ చేస్తున్న పని ఇదే. ఎక్కడో తయారుచేసి దాచిన కుర్చీ మీ గదిలో కనబడుతోంది. ‘ఆరోపిత దృశ్యం’ అనండి. మీరు కోరిన చూపు కూడా అందులో ఉంది.

వ్యాఖ్య: మాస్టారూ, శాస్త్రం కుదిరింది గానీ మాట కుదరలేదు. ఆరోపణ పత్రికల చేతిలో పడి చాలా కాలమైంది. మెనూలో ‘ఆరోపిత దృశ్యం’ అని కనిపిస్తే ఎవరి మీద కేసు అని అడుగుతారు. ‘ఆరోపిత వాస్తవం’ అయితే మరీ ఘోరం, నిజమంటున్నారు గానీ ఇంకా తేలలేదు అన్నట్టు!

ఇంకో మాట. తాడుని పాము అనుకున్నవాడు హడలిపోతాడు. ఇక్కడ కుర్చీ లేదని తెలిసే ఫోన్ పట్టుకున్నాం. తెలిసీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడటం రూపకాలంకారం పని. తెలియక పొరబడితే భ్రాంతిమంతం. కవులకి ఈ తేడా బాగా తెలుసు.

వ్యాఖ్య: నేను ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి కొంచెం చెబుతాను. ఇంగ్లీషు మాట 1990 ప్రాంతంలో విమానాల కంపెనీ బోయింగ్‌లో పుట్టింది, అక్కడి పరిశోధకుడు టామ్ కాడెల్ పెట్టిన పేరు. విమానాలకి వైర్ల కట్టలు కట్టేవాళ్లకి ఏ వైరు ఎటు పోవాలో కళ్లెదుటి బోర్డు మీదే చూపించాలన్నది ఆలోచన. అంటే తత్వం కోసం కాదు, చేతి పని కోసం వచ్చిన మాట.

ఏఆర్ అనిపించుకోవాలంటే ఏముండాలో 1997లో రొనాల్డ్ అజూమా అనే పరిశోధకుడు మూడు షరతులు పెట్టాడు. ఉన్నదీ లేనిదీ కలిసి కనబడాలి, మనం ఏం చేస్తే దానికి అప్పటికప్పుడే స్పందించాలి, లేనిది కూడా మూడు కొలతల్లో తన చోట కుదురుగా ఉండాలి. మీ చర్చంతా మొదటి షరతు చుట్టూ తిరుగుతోంది. మా ప్రాణం తీసేది మూడోది. వీడియో మీద అక్షరాలు అతికించడం ఎవరైనా చేస్తారు, ఫోన్ కదిపితే అవీ దానితోపాటే పోతాయి. ఇక్కడ కుర్చీ వేసి, దాని చుట్టూ తిరిగి మళ్లీ మొదటి చోటికి వస్తే అది అక్కడే ఉండాలి. జానెడు పక్కకి జరిగిందా, ఇక ఎవరూ నమ్మరు.

అందుకు ఫోన్ పడే పాట్లు చాలానే ఉన్నాయి. కెమెరాలో కనబడే మూలలని, మరకలని, చారలని గుర్తులుగా పట్టుకుంటుంది. లోపలి సెన్సర్లు చెప్పే కదలికని వాటితో కలిపి, తను ఎక్కడుందో క్షణక్షణం లెక్క కట్టుకుంటుంది. మచ్చలేని తెల్ల గోడ ముందు పట్టుకోవడానికి ఏమీ దొరకదు. చీకట్లోనూ అంతే. 2017లో ఇలాంటి యాప్‌లు కట్టడానికి ఆపిల్ ఏఆర్‌కిట్, గూగుల్ ఏఆర్‌కోర్ అనే సాధనాలు వచ్చాక ప్రత్యేకమైన కెమెరాలేమీ లేని మామూలు ఫోన్లలోనూ ఇది విరివిగా సాధ్యమైంది.

వ్యాఖ్య: అంజనం అనే మాట ఎవరికీ గుర్తురాలేదా? అంజనం అంటే కాటుక. అది వేసి చూస్తే మామూలు కంటికి అందనిది కనబడుతుందని మనవాళ్ల మాట. ‘అంజనం వేసి వెతికినా దొరకలేదు’ అని ఇప్పటికీ అంటాం. తెలియని భాషలో ఉన్న బోర్డు మీద ఫోన్ పెడితే అక్షరాలు మారిపోయి తెలిసిన భాషలో కనబడతాయి. దారి మీద పెడితే ఎటు తిరగాలో బాణం గుర్తు తేలుతుంది. అంజనం కాక ఇదేమిటి? పోస్టు పెట్టినవారు కోరిన చూపు కూడా ఇందులో ఉంది, అదీ ఇంగ్లీషు నుంచి తెచ్చుకోకుండా.

పోస్టు పెట్టినవారి జవాబు: అంజనం చూసి నిన్న రాత్రి చాలా సంబరపడ్డాను. పొద్దున్నకి అనుమానం వచ్చింది. అంజనంలో కనబడేది ఎక్కడో నిజంగా ఉన్నదే, మరుగున ఉంది, అంతే. బోర్డుకి, దారికి సరిపోతుంది. బోర్డు మీద రాసినదానికి ఆ అర్థం ఉంది, దారి నిజంగానే అటు పోతుంది. నా కుర్చీ మాత్రం ఎక్కడా లేదు. లేనిదాన్ని చూపించేది అంజనం అవుతుందా? కనబడేదంతా పుట్టించినదే అయిన వర్చువల్ రియాలిటీకి ఈ బాధ లేదు. అద్దంలో కనబడేదాన్ని మిథ్యా ప్రతిబింబం అని భౌతికశాస్త్రం పుస్తకాల్లో చదువుకున్నాం కాబట్టి అక్కడ మిథ్య దర్జాగా కూర్చుంది. ఇక్కడ సగం నిజం, సగం మిథ్య.

కాబట్టి మెనూలో ఏఆర్ అనే ఉంచుతున్నాను, మడి విప్పేశాను. కానీ లోపలి చిన్న మాటలని వదల్లేదు. కుర్చీని ఒకచోట కట్టి ఉంచే యాంకర్‌కి ‘లంగరు’. ముందు నుంచి మనిషి నడిచిపోతే కుర్చీ అతని వెనక దాగాలి కదా, దానికి ‘మరుగు’. ట్రాకింగ్ పోతే ‘జాడ తప్పింది’.

వ్యాఖ్య: మరుగు చాలా బాగుంది. ‘ఉపరితలం కనుగొనబడలేదు’ అని మాత్రం ఎక్కడా రాయకండి, దండం పెడతాను.

పోస్టు పెట్టినవారి జవాబు: రాసేశాను! ఇప్పుడే మార్చాను. ‘నేల కనబడటం లేదు. ఫోన్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పండి.’

వ్యాఖ్య: గోడకి పటం తగిలించి చూద్దామనుకున్నవాడికి నేల కనబడటం లేదంటే ఏం చేస్తాడండీ?