రెడింగ్ కౌన్సిల్ బోర్డర్ జరపాలా వద్దా? కాల్కాట్, థీల్, టైల్‌హర్స్ట్ వాళ్లు కూడా చెప్పండి

కెనెట్_కృష్ణ:
ఇంగ్లండ్‌లోని రెడింగ్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఇక్కడే అడుగుతున్నా. తెలియని వాళ్లకి విషయం ఏంటంటే, రెడింగ్‌ని ఆనుకుని ఉన్న ఊళ్లని చూసే వెస్ట్ బెర్క్‌షైర్ కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) ఏమో పక్కనున్న సౌత్ ఆక్స్‌ఫర్డ్‌షైర్, వేల్ ఆఫ్ వైట్ హార్స్‌తో కలిసిపోయి రిడ్జ్‌వే అని కొత్త కౌన్సిల్ అవుతామంటోంది, దాంతో 2025లో రెడింగ్ వాళ్లు అయితే మా ఊరిని ఆనుకుని ఉన్న కాల్కాట్, పర్లీ, థీల్, టైల్‌హర్స్ట్‌లో అవతలి సగం మాకిచ్చేయండి అన్నారు. అప్పట్నుంచీ రగడే. నామటుకు రెడింగ్ అడిగింది న్యాయం. 2021 సెన్సస్‌లో రెడింగ్ బరో (అంటే రెడింగ్ కౌన్సిల్ పరిధి) జనాభా 1,74,000 పైచిలుకు, కానీ ఊరు అక్కడితో ఆగలేదుగా, టైల్‌హర్స్ట్‌లో నడుచుకుంటూ పోతుంటే ఎక్కడ ఒక కౌన్సిల్ అయిపోయి ఇంకోటి మొదలైందో కూడా తెలీదు. ఉద్యోగానికి, ట్రైన్‌కి, రాయల్ బెర్క్‌షైర్ హాస్పిటల్‌కి అందరూ వచ్చేది రెడింగ్‌కే, అవతలి సగం వాళ్ల ఓటు మాత్రం న్యూబరీలో కూర్చునే వెస్ట్ బెర్క్‌షైర్ కౌన్సిల్‌కి.

కాల్కాట్_శ్రీదేవి:
మేం కాల్కాట్‌లోనే ఉంటాం అండీ, నేనైతే ససేమిరా ఒప్పుకోను. కౌన్సిల్ టాక్స్ రెడింగ్‌లో ఎక్కువ, అది అందరికీ తెలిసిందే. ఇంకోటి, మాకు పారిష్ కౌన్సిల్ (ఊరి స్థాయిలో ఉండే చిన్న కౌన్సిల్) ఉంది, రెడింగ్ బరోలో అసలు పారిష్‌లే లేవు. మా పార్కులో ఉయ్యాల గొలుసు తెగితే ఎవరికి చెప్పాలో నాకు తెలుసు, వాళ్లూ ఈ చుట్టుపక్కల వాళ్లే. రేపు 48 మంది కౌన్సిలర్లున్న చోట మా గోడు ఎవరికి పడుతుంది? అయినా ఊళ్లో ఉన్నవాళ్లని అడగకుండా మ్యాప్ మీద గీత గీసేస్తే ఎలాగండీ.

కెనెట్_కృష్ణ:
శ్రీదేవి గారూ, పారిష్ గురించి మీరన్నది నిజమే, అది పోకూడదు. కానీ 2016లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. రెడింగ్‌లోని స్మాల్‌మీడ్ టిప్ (ఇంట్లో పాత సామాన్లు, చెత్త పడేసే చోటు) కోసం వెస్ట్ బెర్క్‌షైర్ డబ్బు కట్టడం ఆపేసింది, దాంతో కాల్కాట్, టైల్‌హర్స్ట్ వాళ్లని లోపలికి రానివ్వడం మానేశారు. పక్కనే టిప్ పెట్టుకుని, పాత పరుపు కార్లో కుక్కుకుని పాడ్‌వర్త్‌లో ఉన్న టిప్ దాకా పోవాలి! మీరు ఎక్కే బస్సు కూడా రెడింగ్ బసెస్‌దే కదా, ఆ కంపెనీ ఓనర్ రెడింగ్ కౌన్సిల్. ఇంగ్లండ్‌లో కౌన్సిల్ సొంత బస్సు కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. రూట్ మార్చినా ఛార్జీ పెంచినా అడగడానికి మీకు అక్కడ ఓటు లేదు.

కావర్షమ్_రవి:
ఇది కొత్త గొడవేం కాదు బ్రో. నేనుండే కావర్షమ్ 1911 దాకా ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఉండేది, అప్పుడు కూడా రెడింగ్‌లో కలపొద్దని చాలామంది అడ్డం తిరిగారు. చివరికి థేమ్స్ మీద ఇంకో బ్రిడ్జి కట్టాలని షరతు పెట్టి కలిపారు, మధ్యలో యుద్ధం వచ్చి పని లేటయినా 1923లో రెడింగ్ బ్రిడ్జి ఓపెన్ అయింది. ఇప్పుడు మూడో బ్రిడ్జి చూడండి, దశాబ్దాలుగా మాటలే. ఎందుకంటే అవతలి ఒడ్డున రోడ్డు దిగే చోటు ఆక్స్‌ఫర్డ్‌షైర్‌ది, ట్రాఫిక్ అంతా మా పల్లెల మీద పడుతుందని వాళ్ల భయం, ఇక్కడ పొద్దున పూట కావర్షమ్ బ్రిడ్జి దగ్గర ఇరుక్కునేది మేము.

అసలు విషయం డబ్బు. పాత రోజుల్లో ఈ ఊరికి బతుకుతెరువు ఊరి నడిబొడ్డునే ఉండేది: హంట్లీ అండ్ పామర్స్ బిస్కెట్లు, సైమండ్స్ బీరు, సటన్స్ విత్తనాలు. బిస్కెట్ ఫ్యాక్టరీ 1846 నుంచి కింగ్స్ రోడ్డులో, 1900 నాటికి 5,000 మందికి పైగా పనివాళ్లు, పక్కనే కెనెట్ నది. ఆ ఫ్యాక్టరీలు కట్టే పన్ను ఈ టౌన్ కౌన్సిల్‌కే వచ్చేది. 1976లో బిస్కెట్ తయారీ ఆగిపోయింది, సటన్స్ కూడా అదే ఏడాది టోర్కీకి వెళ్లిపోయింది. M4 మోటార్‌వే వచ్చింది 1971లో, ఆ తర్వాత కొత్త ఆఫీసులు ఊరి అంచుకి జరిగాయి. మనవాళ్లలో చాలామంది "రెడింగ్‌లో జాబ్" అంటారే, ఆ మైక్రోసాఫ్ట్, ఒరాకిల్ ఉన్న థేమ్స్ వ్యాలీ పార్క్ వోకింగ్‌హమ్ బరోలో ఉంది! పేరు రెడింగ్‌ది, లెక్క పక్కవాళ్లది.

ఎర్లీ_సురేష్:
రవి అన్నా, అంత సింపుల్ కాదు. బిజినెస్ రేట్స్ (ఆఫీసులు, షాపులు కట్టే పన్ను) మొత్తం కౌన్సిల్‌కి మిగలవు, 2013 నుంచి సుమారు సగమే లోకల్‌గా ఉంచుకోనిస్తున్నారు, అందులోనూ ఎక్కువ వచ్చే చోటు నుంచి తక్కువ వచ్చే చోటుకి సర్దుతారు. గీత జరిపితే రెడింగ్ ఖజానా నిండిపోతుందని అనుకోవద్దు. నన్నడిగితే తప్పు 1998లో జరిగింది, బెర్క్‌షైర్ కౌంటీ కౌన్సిల్ తీసేసి ఆరు ముక్కలు చేశారు. అప్పట్నుంచి వృద్ధుల సంరక్షణ, స్కూళ్లు, రోడ్లు అన్నీ ప్రతి చిన్న కౌన్సిల్ విడివిడిగా మోస్తోంది. చెత్త విషయంలో రెడింగ్, వోకింగ్‌హమ్, బ్రాక్‌నెల్ కలిసే కాంట్రాక్ట్ నడుపుతున్నాయి కదా, గీత జరపకుండానే. మిగతావీ అలా చేయొచ్చు.

కెనెట్_కృష్ణ:
కలిసి నడపడం బాగానే ఉంటుంది సురేష్, ఎవరో ఒకరు తప్పుకునే దాకా. స్మాల్‌మీడ్‌లో అయింది అదే. ఒప్పందం చెడితే నష్టపోయేది అంచున ఉన్నవాళ్లే, వాళ్లకి అడిగే హక్కు ఉండాలనే నా వాదన. ఇంకో మాట, ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నా కామన్వెల్త్ సిటిజన్స్‌గా మనకి ఇక్కడ లోకల్ ఎలక్షన్లలో ఓటు ఉంది, చాలామందికి ఇది తెలీదు. రిజిస్టర్ చేసుకోండి, ఏ వైపున్నా సరే.

కాల్కాట్_శ్రీదేవి:
ఓటు ఉంది, వేస్తున్నాను కూడా. రవి గారు చెప్పిన కావర్షమ్ సంగతి మాత్రం నచ్చింది, వాళ్లు ఊరికే కలవలేదు, బ్రిడ్జి అడిగి కలిశారు. మరి మాకేంటి? పారిష్ అలాగే ఉంచుతామని, టాక్స్ ఒక్కసారిగా కాకుండా కొన్నేళ్లలో మెల్లగా సమానం చేస్తామని రెడింగ్ కాగితం మీద పెట్టమనండి. అప్పుడు మా వీధిలో నేనే పది ఇళ్లు తిరిగి మాట్లాడతాను. అప్పటిదాకా నాది నో.