క్యాన్సర్ తగ్గాక కౌన్సెలింగ్ కావాలా, ఇంట్లోవాళ్ల ధైర్యం చాలదా?

గుంటూరు_కోడలు:
మా అత్తయ్యకు రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయి రెండేళ్లు దాటింది. క్యాన్సర్ తిరిగి రాకుండా ఇచ్చే లెట్రోజోల్ మాత్ర రోజూ వేసుకుంటున్నారు. చెకప్ వారం ఉందనగా నిద్ర ఉండదు. నడుము పట్టేస్తే "ఎముకల్లోకి పాకిందేమో" అంటారు. రోజుకు పదిసార్లు చంక తడుముకుంటారు. కౌన్సెలర్‌కు చూపిద్దామంటే మావయ్య "దానికేమైనా పిచ్చా? మనం ధైర్యం చెబితే చాలు" అంటున్నారు. మీరేమంటారు?

రిటైర్డ్_మాస్టారు:
మీ మావయ్యగారి మాట సబబుగానే ఉందమ్మా. ఒంట్లో ఎక్కడైనా క్యాన్సర్ ఉందేమో చూసే పెట్ స్కాన్ ఏడాదికోసారి తీయించండి. ఏమీ లేదని తేలితే మనసు కుదుటపడుతుంది. ముక్కూ మొహం తెలియని మనిషి ముందు కూర్చోబెట్టి అదంతా మళ్లీ తవ్వించడం మానుతున్న పుండును గీరడమే.

ఆరేళ్లయింది:
మాస్టారూ, నాదీ రొమ్ము క్యాన్సరే. డాక్టరు వద్దన్నా పట్టుబట్టి స్కాన్ తీయించుకున్నాను. రిపోర్టు బాగుంది. పది రోజులు హాయిగా ఉన్నాను. పదకొండో రోజు దగ్గు వచ్చింది, కథ మళ్లీ మొదటికి. లక్షణాలు లేనప్పుడు అలాంటి స్కాన్లు అక్కర్లేదు. డాక్టరు పరీక్ష, ఏటా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) చాలు.

"ఏం కాదులే" అన్న మాటా అంతే. మా ఆయన ప్రేమతోనే అనేవారు. కానీ ఆ మాట వినగానే నేను నోరు మూసుకునేదాన్ని. భయం లోపలే ఉండిపోయేది.

కౌన్సెలింగ్‌లో పాతది తవ్వరండీ. క్యాన్సర్ తిరిగి రాదని ఒప్పించాలనీ చూడరు, ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు కదా. ఆ అనుమానం ఉండగానే రోజు గడపడం నేర్పుతారు. ఒళ్లు నెలకు ఒక్కసారే, ఒకే తేదీన చూసుకోమన్నారు. మధ్యలో చెయ్యి చంక వైపు వెళ్తే "ఇది భయం" అని గుర్తుపట్టి, చేస్తున్న పని మీదకు దృష్టి తెచ్చుకోవాలి. కొత్త గడ్డ, వారాల తరబడి తగ్గని నొప్పి అయితే మాత్రం వెంటనే డాక్టరుకు చెప్పాలి. నాకు రెండు నెలలు పట్టింది.

ఆస్ట్రేలియాలో ఈ భయం కోసమే ఐదు విడతల చికిత్స తయారుచేసి 222 మందితో పరీక్షించారు. 2017లో ఫలితాలు వచ్చాయి. ఒట్టి రిలాక్సేషన్ నేర్చుకున్నవాళ్ల కంటే ఈ చికిత్స తీసుకున్నవాళ్లకు భయం ఎక్కువగా తగ్గింది.

రిటైర్డ్_మాస్టారు:
సిటీలో ఉన్నవాళ్లకు సరేనమ్మా. మా మండలంలో సైకాలజిస్టు ఎక్కడ? ఇంటి మనుషులే దిక్కు.

స్టాఫ్‌నర్సు:
మాస్టారు అన్నది నిజమే, ఆ కొరత రోజూ చూస్తున్నాను. 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ, 2022లో మొదలైంది. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. క్యాన్సర్ నిపుణులు కాకపోవచ్చు గానీ మొదలుపెట్టడానికి పనికొస్తుంది. తిండీ నిద్రా పూర్తిగా పోతే మాత్రం ఆగకుండా సైకియాట్రిస్టుకు చూపించండి.

గుంటూరు_కోడలు:
రాత్రి "ఏం కాదు" అనకుండా, "దేనికి భయం అత్తయ్యా?" అని అడిగాను. చావంటే కాదట. మళ్లీ జుట్టు ఊడితే మనవడు దగ్గరికి రాడేమోనని. పోయినసారి వాడు ఏడ్చి పారిపోయాడు. ఆ సంగతి మేమంతా మరిచిపోయాం. రేపు ఫోన్ చేద్దామన్నాను, సరేనన్నారు. మావయ్యకు ఇంకా చెప్పలేదు.