ఆర్బిట్రాన్ ఫాంటులో తెలుగు రావడం లేదు, ఒత్తులు విడిపోతున్నాయి

బ్యానర్ పని:
మధ్యాహ్నం నుంచి దీనితోనే కుస్తీ. బడిలో సైన్స్ ప్రదర్శనకు బ్యానర్ చేస్తున్నాను. ఇంగ్లిషు శీర్షిక ఆర్బిట్రాన్‌లో దర్జాగా ఉంది. దాని కింద అదే ఫాంటులో ‘అంతరిక్ష ప్రదర్శన’ అని కొడితే అక్షరాలు మరేదో ఫాంటులోకి మారిపోతున్నాయి. పైగా ‘క్ష’ కాస్తా ‘క్’ ఒకచోట, ‘ష’ ఒకచోట. ఫాంటు తీసేసి మళ్లీ ఎక్కించినా అంతే. రేపు పొద్దున్నే అచ్చుకు ఇవ్వాలి. దయచేసి ఎవరైనా చెప్పండి.

ముక్తసరి:
ఆర్బిట్రాన్‌లో తెలుగు అక్షరాలే లేవు. ఏ సాఫ్ట్‌వేర్?

పాత అచ్చు:
అసలు ఆర్బిట్రాన్ లాంటి ఈ రోదసి బాణీ అక్షరాలకు మూలం ఇటలీ. ట్యూరిన్‌లో అచ్చు అక్షరాలు పోసే నెబియోలో ఫౌండ్రీ 1952లో మైక్రోగ్రామా అనే ఫాంటు తెచ్చింది. డిజైనర్లు బుట్టి, నొవరేజే గీశారు. అందులో పెద్దబడి అక్షరాలే ఉండేవి. చిన్నబడి కూడా చేర్చి 1962లో నొవరేజే యూరోస్టైల్ చేశాడు. అక్షరాలన్నీ మూలలు నునుపు చేసిన చదరాలే, అచ్చమైన జ్యామితీయం. శీర్షికలకు, యంత్రాల మీటలకు, వాహనాల పేర్లకు అద్భుతం. పేరాలకు మాత్రం పెట్టకండి, కళ్లు లాగుతాయి.

బ్యానర్ పని:
బాగుందండీ, మరి నా ఒత్తుల సంగతి?

గుండ్రం:
యూరోస్టైల్‌ను జ్యామితీయం అంటే నేను ఒప్పుకోను. ఆ మాట 1927 నాటి ఫ్యూచురా ఫాంటుకే చెల్లుతుంది. పాల్ రెన్నర్ దాన్ని వృత్తం, త్రిభుజం, చతురస్రాల మీద కట్టాడు. అపోలో 11 చంద్రుడి మీద వదిలివచ్చిన ఫలకం మీద ఉన్నదీ ఫ్యూచురానే.

పాత అచ్చు:
చదరం జ్యామితి కాకుండా పోయిందా? యూరోస్టైల్ ‘ఓ’ చూడండి. అటు వృత్తమూ కాదు, ఇటు దీర్ఘచతురస్రమూ కాదు, రెంటికీ మధ్యస్థంగా ఉండే సూపర్ ఎలిప్స్. దానికి సమీకరణమే ఉంది.

ముక్తసరి:
మళ్లీ అడుగుతున్నాను. ఏ సాఫ్ట్‌వేర్?

బ్యానర్ పని:
ఫొటోషాపే కదండీ, పాతది. ఇంకేం వాడతారు?

ముక్తసరి:
ఆ ముక్క మొదటే చెప్పాల్సింది. ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి, టెక్స్ట్ ఇంజిన్ దగ్గర దక్షిణాసియా భాషలది ఎంచుకోండి. ఫొటోషాప్ మూసి తెరవండి. కొత్త లేయర్‌లో మళ్లీ టైపు చేయండి. ఒత్తులు అతుక్కుంటాయి. ఫాంటు మాత్రం వేరేది వెతుక్కోవాలి.

గుండ్రం:
అనెక్ తెలుగు చూడండి, ఉచితమే. వెడల్పు రూపాలు, లావు రూపాలు ఉన్నాయి. వెడల్పాటి బోల్డ్ తీసుకుంటే ఆర్బిట్రాన్ పక్కన బరువు సరిపోతుంది. తెలుగును బలవంతంగా చదరం చేయబోకండి. మన అక్షరాలకు గుండ్రమే ఆనవాలు. పైన విడితే ‘ప’, మూస్తే ‘వ’ అన్నంత సన్నని తేడాలవి. లావు గీతలో ఆ సందు పూడిపోతే దూరం నుంచి రెండూ ఒకటే.

పాత అచ్చు:
చదరపు తెలుగు సినిమా పోస్టర్ల మీద ఎన్ని చూడలేదు? బాగానే ఉంటాయి.

గుండ్రం:
అవి చేత్తో ఒక్కో పేరుకు గీసినవి. ఫాంటు అంటే ప్రతి ఒత్తు, ప్రతి గుణింతం ఆ మూసలో ఒదగాలి.

బ్యానర్ పని:
‘క్ష’ అతుక్కుంది. కానీ ‘ప్ర’ ఒత్తు కింది వరుసకు తగులుతోంది.

ముక్తసరి:
లీడింగ్, అంటే వరుసల మధ్య ఎడం, పెంచండి.

బ్యానర్ పని:
సరే. థాంక్సండీ.

పాత అచ్చు:
గుండ్రం గారూ, యూరోస్టైల్ సంగతి తేలలేదు. అది జ్యామితీయం కాకపోతే ఏ వర్గమో చెప్పండి.